ఒకే ప్రాంగణంలో రెండు దారులు

1951 మార్చిలో 'పాతాళ భైరవి' విడుదలైంది. అదే సంవత్సరం డిసెంబరులో 'మల్లీశ్వరి' విడుదలైంది. రెండింటిలోనూ కథానాయకుడు ఎన్.టి. రామారావుగారే. రెండూ మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో పురుడు పోసుకున్నవే. మొదటిది నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ తీసింది. రెండోదానికి దర్శకుడూ నిర్మాతా బి.ఎన్. రెడ్డిగారు, అంటే నాగిరెడ్డిగారి సొంత అన్నగారు. కడప జిల్లా నుంచి వచ్చిన ఒకే ఇంటి బిడ్డలు ఒకే ఏడాది, ఒకే ప్రాంగణంలో చెరో దారి తొక్కారు. తమ్ముడి సినిమాకి జనం విరగబడ్డారు. అన్నగారి సినిమా అంత పరుగు తీయలేదు గాని, తెలుగులో వచ్చిన అందమైన సినిమాలు లెక్కపెట్టేవాళ్ళు ఇవాళ్టికీ మొదటి వేలు దానికే మడుస్తారు.

జనం మెచ్చే సినిమా గొప్పదా, దర్శకుడి మనసులోంచి వచ్చిన సినిమా గొప్పదా అని మనవాళ్ళు రెండు జట్లు కట్టి వాదించుకునేటప్పుడల్లా నాకు ఆ సంవత్సరమే గుర్తొస్తుంది. ఆ వాదంలో ఒక జట్టు వసూళ్ళ లెక్కలు చదువుతుంది. రెండో జట్టు అవార్డుల జాబితా చదువుతుంది. ఆ రెండు రకాలూ ఒకదానికొకటి ఆసరాగా ఒకే గోడల మధ్య బతికిన రోజులు మనకున్నాయన్న సంగతి మాత్రం ఇద్దరికీ పట్టదు.

ముందు 'మల్లీశ్వరి' సంగతి చూద్దాం. హంపీ శిథిలాలు చూసిన నాటి నుంచీ రాయల కాలం మీద సినిమా తీయాలన్న కోరిక బి.ఎన్. గారి మనసులో నాటుకుపోయింది. కథకి ఆధారాలు రెండు. ఒకటి ఒక ఇంగ్లీషు వారపత్రికలో వచ్చిన చిన్న కథ. రెండోది, ఈ మైకు ముందు కూర్చుని చెప్పడానికి నాకు గర్వంగా ఉంది, ఒక రేడియో నాటిక. రాసింది బుచ్చిబాబుగారు. మద్రాసు ఆకాశవాణిలో పనిచేసినాయన. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు అప్పటిదాకా సినిమా గడప తొక్కలేదు. ఆయన్ని ఒప్పించి మాటలూ పాటలూ రాయించారు. సాలూరి రాజేశ్వరరావుగారి చేత తొందర లేకుండా బాణీలు కట్టించారు.

అందులో ఒక ఘట్టం చూడండి. వానకి తడిసి పాత మంటపంలో తలదాచుకున్న మల్లి, ఆమె బావ నాగరాజు. మారువేషంలో తిరుగుతున్న రాయలవారు కూడా అక్కడికే చేరతారు. మల్లి ఆటపాటలు చూసి ఆయన ముచ్చటపడతారు. వచ్చిన మనిషి ఎవరో తెలియని నాగరాజు వేళాకోళానికి, మా మల్లికి రాయలవారి చేత పల్లకీ పంపించండి అన్న అర్థం వచ్చేలా ఒక మాట అనేస్తాడు. కొన్నాళ్ళకి పల్లకీ నిజంగానే వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. అంతే, వాళ్ళ బతుకులు విడిపోతాయి. ఆ రాజు దుర్మార్గుడు కాడు. అతను చేసింది తన లెక్కలో మెహర్బానీ. పైవాడి దయ కూడా కిందివాడి నెత్తిన పిడుగై పడుతుందని ఒక్క కేక లేకుండా, ఒక్క కత్తి దూయకుండా చెప్పిన సినిమా అది. అలా చెప్పమని ఏ పంపిణీదారుడూ బి.ఎన్. గారిని అడిగి ఉండడు. ఆయనకి అలా కనపడింది, అలాగే తీశారు.

ఇక 'పాతాళ భైరవి'. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించడం, మాంత్రికుడు, కోరిన కోరికలు తీర్చే విగ్రహం. పైకి చూస్తే అచ్చంగా జనం కోసం వండిన సరుకు. మరి దాన్ని తీసిన కె.వి. రెడ్డిగారు ఎలాంటి మనిషి? ప్రొడక్షన్ మేనేజరుగా వాహినిలో అడుగుపెట్టి, 'భక్త పోతన'తో దర్శకుడైనవాడు. స్క్రిప్టు పూర్తిగా కుదిరితే తప్ప సెట్టు మీదికి వెళ్ళేవాడు కాదు. చేతిలో స్టాప్‌వాచీ పెట్టుకుని ఏ సీను ఎన్ని నిమిషాలు నడవాలో ముందే లెక్క కట్టుకునేవాడు. పింగళి నాగేంద్రరావుగారి మాటల్లో ఒక అక్షరం అటూఇటూ కానిచ్చేవాడు కాదు. ఇంత పట్టింపు ఉన్నవాడి సినిమాలో సొంత ముద్ర లేదని ఎలా అంటాం? ఎస్.వి. రంగారావుగారి నేపాళ మాంత్రికుడు నడిచే తీరులో, మాట విరిచే తీరులో, ఆ గడ్డం నిమిరే వేళ్ళలో దర్శకుడి కన్ను అడుగడుగునా ఉంది. 1952లో మన దేశంలో మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు అక్కడ ప్రదర్శించిన సినిమాల్లో ఈ జానపదం ఒకటి.

అదే కె.వి. రెడ్డిగారు 1957లో 'మాయాబజార్' తీశారు. భారత కథే అయినా పాండవులు తెర మీద ఒక్కసారీ కనపడరు. ఎంత తెగువ ఉంటే ఆ నిర్ణయం తీసుకోగలరో ఆలోచించండి. అందులో సావిత్రిగారి మాయా శశిరేఖ ఉంది చూశారూ, నన్నడిగితే ఈ చర్చంతటికీ ఆ వేషం ఒక్కటి చాలు. పైకి పెళ్ళికూతురు, లోపల ఘటోత్కచుడు. చీరా నగలూ అవే, ముఖం అదే. భుజాలు మాత్రం ఉన్నట్టుండి విశాలమవుతాయి. అడుగు బరువెక్కుతుంది. గదిలో ఎవరూ లేరనగానే మీసం మీదికి పోవాల్సిన ఠీవి చూపుల్లోకి వస్తుంది. ఎవరో వస్తున్న అలికిడికి మళ్ళీ ఒళ్ళంతా వంపు తిరుగుతుంది. ఒక ఆడమనిషి, తనలో ఉన్న రాక్షస మగవాణ్ణీ, అతను నటిస్తున్న ఆడపిల్లనీ, ఇద్దర్నీ ఒకేసారి నటిస్తోంది. పెళ్ళిపీటల మీద రేలంగిగారి లక్ష్మణకుమారుడు అదిరిపడుతుంటే నేల టికెట్టు మీద కూర్చున్న పిల్లవాడు పడీపడీ నవ్వుతాడు. నటన నేర్చుకునేవాళ్ళు ఆ దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుని చూస్తారు. ఒకే దృశ్యం ఇద్దరికీ అందింది, ఇద్దరిలో ఎవరికీ తక్కువ కాలేదు.

కాబట్టి సొంత సినిమా అంటే దిగులుగా, మెల్లగా, అర్థం కాకుండా ఉండేదని కాదు. ప్రతి షాటు దగ్గరా ఒక మనిషి నిలబడి, ఇది ఇలాగే ఉండాలి అని నిర్ణయం తీసుకున్న సినిమా. అలాంటి మనిషి భారీ సినిమా వెనకా ఉండొచ్చు. 2012లో రాజమౌళిగారు 'ఈగ' తీశారు. మొదటి సగం సాగుతుండగానే కథానాయకుడు చచ్చిపోయి ఈగై పుడతాడు. మాట్లాడలేని, ముఖం కూడా సరిగా కనపడని ఒక పురుగు పగ తీర్చుకుంటుంటే జనం ఈలలు వేశారు. ఏ సర్వే చేసినా జనం నోట రాని కోరిక అది. ఒకరికి తట్టింది, నమ్మారు, తీశారు.

నాకు కోపం వచ్చేది వేరే చోట. ఎవరూ నమ్మని సినిమా ఒకటి ఉంటుంది. హీరో ఎంట్రీకి ఒక పాట, పావుగంటకో ఫైటు, ఇంటర్వెల్ బ్యాంగు, ప్రతి రెండు సీన్లకీ ఒక ఎలివేషను. ఇలా ఎందుకు తీశారని అడిగితే మాస్‌కి ఇదే కావాలండీ అంటారు. ఆ మాస్ ఎవరు? మాయా శశిరేఖని చూసి నవ్విన పిల్లవాడి మనవలేగా! వాళ్ళకి ఏమీ అర్థం కాదని ముందే తీర్మానించుకుని తీసిన సినిమా వాళ్ళ మీద ప్రేమతో తీసింది కాదు. ఇదే తప్పు అవతలి వైపూ ఉంది. చూసేవాడు ఎవడో నాకనవసరం, వాడికి అందకపోతే అది వాడి లోపం అనుకుని తీసిన కళాఖండాలు నేనూ చూశాను. వాటిలోనూ నమ్మకం కంటే బిగువే ఎక్కువ కనపడింది.

అలాగని రెండు రకాలూ ఎప్పుడూ కలిసిపోతాయని చెప్పి చేతులు దులుపుకోలేను. జనం పోగవని సినిమాలు ఉంటాయి. అవీ రావాలి. బి. నర్సింగరావుగారి 'దాసి'నే తీసుకోండి. నిజాం కాలపు తెలంగాణలో ఒక దొర గడీ. అందులో దాసిగా బతికే కమలాక్షి. అర్చనగారు ఆ పాత్ర వేశారు. 1988 సంవత్సరానికి ఆ సినిమాకి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఉత్తమ నటి ఒకటి. కళా దర్శకత్వానికి వచ్చినది మన చిత్రకారుడు తోట వైకుంఠంగారికి. మరి అందులో మాటలేవీ? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దొర చేసిన కడుపుని దొరసాని మాట మీద తీయించుకోవలసిన ఆ పిల్ల గోడకి ఆనుకుని కూర్చునే తీరులోనే మొత్తం కథ ఉంది.

ఆకాశవాణి కేంద్రాలు ఒకప్పుడు ప్రసారం చేసిన సంక్షిప్త శబ్దచిత్రాలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. రెండున్నర మూడు గంటల సినిమాని కుదించి, మాటలూ పాటలూ వినిపించేవారు. 'గుండమ్మ కథ', 'మిస్సమ్మ', 'మాయాబజార్' లాంటివి హాలుకి వెళ్ళకుండానే జనానికి కంఠతా వచ్చాయంటే అందులో రేడియోకీ వాటా ఉంది. చెవితో విన్నా ఆ సినిమాలు నిలబడతాయి. 'దాసి'ని మాత్రం శబ్దచిత్రంగా వెయ్యలేం. వేస్తే రేడియో మూగబోతుంది. మాటకీ పాటకీ లొంగనిదేదో సినిమాలో ఉందని, దాన్ని చేరుకోవడానికే కొందరు దర్శకులు జనాన్ని కూడా వదులుకుంటారని రేడియో మనిషిగా నాకు అలా అర్థమైంది. ఆ ప్రయత్నం ఎవరో ఒకరు చెయ్యకపోతే భాష ముందుకు పోదు. సినిమాకీ ఒక భాష ఉంది మరి.

బి.ఎన్. రెడ్డిగారు 1939లో 'వందేమాతరం' నుంచి 1969లో 'బంగారు పంజరం' దాకా 30 ఏళ్ళలో తీసినవి 11 సినిమాలు. జార్జ్ ఇలియట్ నవల ఆధారంగా 'బంగారు పాప' తీస్తే ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. చంద్రమోహన్‌గారిని పరిచయం చేస్తూ 'రంగుల రాట్నం' తీశారు. మధ్యలో 'రాజమకుటం' అనే జానపదమూ తీశారు. 1974లో ఆయనకి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. దక్షిణాదిలో అది అందుకున్న తొలి దర్శకుడు ఆయనే. తర్వాత కొన్నేళ్ళకి తమ్ముడు నాగిరెడ్డిగారికీ అదే పురస్కారం వచ్చింది. జనాన్ని మురిపించిన తమ్ముడికీ, మనసుకి తోచింది తీసిన అన్నకీ ఒకే గౌరవం. నాకు అది ఎంతో సబబుగా తోస్తుంది.

ఆ ఇంట్లో ఎవరూ ఒక గదికే అంటుకుని లేరు. 'పాతాళ భైరవి' తీసిన కె.వి. రెడ్డిగారే 1954లో వాహిని పేరు మీద 'పెద్దమనుషులు' తీశారు. మాయలూ మంత్రాలూ లేవు, పేరున్న హీరో లేడు. ఇబ్సెన్ నాటకం మూలం. ఊరందరూ దండాలు పెట్టే మునిసిపల్ ఛైర్మన్ లోపల ఎంత కుళ్ళిపోయాడో విప్పి చూపించారు. దానికీ జాతీయ పురస్కారం వచ్చింది. స్టూడియో సొంతం, సాంకేతిక నిపుణులు నెలజీతాల మీద ఉన్నవాళ్ళు, నటులతో ఒప్పందాలు. ఒక సినిమా ఆడితే ఇంకో సినిమాకి ఊపిరి అందేది. ఇప్పుడు ఆ వడపళని స్థలంలో షాపింగ్ మాల్ ఉంది. దాని పై అంతస్తుల్లో మల్టీప్లెక్సూ ఉంది.

ఆ స్టూడియో శబ్ద విభాగంలో పని నేర్చుకున్న కె. విశ్వనాథ్‌గారు 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' విడుదల చేశారు. స్టార్లు లేరు. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. కొనడానికి బయ్యర్లు ముందుకు రాలేదు. మొదటి రోజుల్లో హాళ్ళు బోసిపోయాయి. తర్వాత మాట పాకింది. చూసినవాళ్ళు ఇంటికెళ్ళి అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చారు. పాటలు రాష్ట్రాల సరిహద్దులు దాటాయి. జాతీయ పురస్కారాల్లో అది ఏ విభాగంలో గెలిచిందో తెలుసా? ప్రజాదరణతో పాటు చక్కని వినోదాన్నిచ్చిన ఉత్తమ చిత్రాల విభాగంలో. శాస్త్రీయ సంగీతం మీద ఒక మనిషికున్న అభిమానంతో పుట్టిన సినిమా జనరంజక చిత్రంగా బహుమతి అందుకుంది.

ఇదే సినిమా ఇవాళ వచ్చి ఉంటే? ఈ ప్రశ్న నన్ను వదలదు. అప్పట్లో ప్రింట్లు తక్కువ. సినిమా ముందు పెద్ద ఊళ్ళలో పడేది, అక్కడ ఆడాక రీళ్ళ బాక్సు బి సెంటర్లకీ, ఆ తర్వాత సి సెంటర్లకీ చేరేది. బాక్సు కంటే ముందు దాని గురించిన మాట చేరేది. బెజవాడలో చూసి వచ్చిన బంధువు తెనాలిలో చెప్పేవాడు. సినిమా నిలదొక్కుకోవడానికి వారాల వ్యవధి ఉండేది. ఇప్పుడు రీలే లేదు. డిజిటల్‌గా ఒకే శుక్రవారం పొద్దున ప్రపంచమంతా పడుతుంది. ఆదివారం రాత్రి ఆటకల్లా తీర్పు వచ్చేస్తుంది. భారీ సినిమాకి ముందురోజు రాత్రి నుంచే ప్రీమియర్లు, పెంచిన టికెట్ ధరలు, ఊళ్ళో ఉన్న తెరలన్నీ. చిన్న సినిమా నిర్మాత థియేటరు అద్దె కట్టాలి, డిజిటల్ ప్రదర్శనకి రుసుము కట్టాలి, పోస్టర్లకీ ప్రకటనలకీ పెట్టుకోవాలి. దక్కేది పొద్దుటాటో మరోటో. సోమవారానికి ఆ ఆట కూడా ఇంకొకరికి వెళ్ళిపోతుంది. బావుందట అన్న మాట మన చెవిన పడేసరికి సినిమా హాల్లో ఉండదు. 'శంకరాభరణం'కి దొరికిన ఆ రెండో వారం ఇప్పుడు ఎవరికీ దొరకడం లేదు. జనం అభిరుచి చెడిపోయిందనే వాళ్ళతో నేను ఏకీభవించను. అభిరుచికి పని చెప్పే వ్యవధే లేకుండా పోయింది.

అభిరుచి చెడలేదనడానికి 2023 మార్చి సాక్ష్యం. ఆ నెలలోనే 'ఆర్.ఆర్.ఆర్.' పాటకి కీరవాణి, చంద్రబోస్‌గార్లు ఆస్కారు అందుకున్నారు. తెలుగువాళ్ళు ఎక్కడున్నా పండగ చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను. అదే నెల మొదట్లో వేణు యెల్దండిగారి 'బలగం' వచ్చింది. తెలంగాణ పల్లెలో ఒక ముసలాయన పోతాడు. పిట్టకి పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఎందుకు ముట్టడం లేదని తవ్వుకుంటూ పోతే, ఏళ్ళ కిందట విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన పంతం బయటపడుతుంది. బావా బామ్మర్దుల మాటలు ఆగిపోయి, ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కక ఏళ్ళు గడిచిన ఇల్లది. ఫైటు లేదు, విదేశాల్లో పాట లేదు. అయినా హాళ్ళు నిండాయి. తర్వాత ఊళ్ళలో గ్రామపంచాయతీల దగ్గరా, బడి ఆవరణల్లోనూ తెర కట్టుకుని ఊరంతా కూర్చుని చూశారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు చాపలేసుకుని చూశారు. కన్నీళ్ళు తుడుచుకుంటూ మాట్లాడినవాళ్ళని టీవీ వార్తల్లో మీరూ చూసే ఉంటారు. అంతకు అయిదేళ్ళ ముందు 'కేరాఫ్ కంచరపాలెం'లో విశాఖపట్నం వాళ్ళు తమ పేటనీ, తమ మనుషుల్నీ తెర మీద చూసుకున్నారు. ఆ నటుల్లో ఎక్కువమంది ఆ పేటవాళ్ళే. తన ఊరి బతుకుని తనకి తెలిసినట్టు తీసిన దర్శకుడి వెనక జనం నడిచారు. ఎవరూ వాళ్ళకి కళ గురించి పాఠం చెప్పలేదు.

పంచాయతీ దగ్గర తెర కట్టుకున్న ఆ ఊళ్ళు మనకి ఒక కొరత కూడా చూపించాయి. చాలా ఊళ్ళలో టాకీసులు మూతపడి కల్యాణ మండపాలయ్యాయి. కేరళలో ప్రభుత్వ చలనచిత్రాభివృద్ధి సంస్థ సొంతంగా థియేటర్లు నడుపుతోంది. తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నిళ అనే తెరలు దానివే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అలాంటివి రావాలని నేను గట్టిగా కోరుతున్నాను. పెద్ద భవనాలు అక్కర్లేదు. విజయవాడలో ఒకటి, వరంగల్లులో ఒకటి, కర్నూలులో, కరీంనగర్‌లో, రాజమండ్రిలో ఒక్కొక్కటి, రెండు వందల కుర్చీల హాలు చాలు. నిర్మాత అద్దె ముందు కట్టనక్కర్లేకుండా, వచ్చిన టికెట్ డబ్బులో వాటా పంచుకునే పద్ధతి ఉండాలి. అందులో పడిన ప్రతి సినిమాకీ కనీసం రెండు వారాలు, రోజూ సాయంత్రం ఆట ఖాయంగా ఇవ్వాలి. పండగ రోజుల్లో భారీ సినిమా వచ్చినా ఆ ఆట తీసెయ్యకూడదు. ఈ మాట సినిమా వాళ్ళకంటే ముందు మనం, టికెట్టు కొనే మనం, మన ఎమ్మెల్యేల దగ్గరా మునిసిపల్ కౌన్సిళ్ళలోనూ అడగాలి.